హ్యాంగైన పెట్టెలో మామ ఊరు

మా కంప్యూటరు హ్యాంగవుతోందని నలుగురిలో ఒక్కసారి అని చూడండి. జ్వరమొచ్చిందన్నప్పుడు కూడా అన్ని సలహాలు రావు. ‘వైరస్ పట్టింటాది’ అంటాడొకాయన. ‘ర్యామ్ చాల్లేదు’ అంటాడు పక్కాయన. ‘ఫార్మాట్ కొడితే అదే దారికొస్తాది’ అని మూడో మనిషి. ‘మదర్‌బోర్డు పోయింటుందిలే’ అని నాలుగో మనిషి పెదవి విరుస్తాడు. ‘ఈ ముసలి పెట్టెతో ఏంది సామీ నీకు, పారేసి కొత్తది కొనుక్కో’ అని అయిదో ఆయన తేల్చేస్తాడు. ఎప్పుడు హ్యాంగవుతోంది, ఏం చేస్తుంటే హ్యాంగవుతోంది అని మాత్రం ఒక్కరూ అడగరు.

2025 ఎండాకాలంలో మా మేనమామ లాప్‌టాప్‌కు జబ్బు చేసినప్పుడు ఈ అయిదు సలహాలూ వరుస తప్పకుండా విన్నాం. మామది జమ్మలమడుగు. బడిపంతులుగా పనిచేసి 2011లో రిటైరయ్యాడు. ఆ డబ్బుల్లోంచే ఆ లాప్‌టాప్ కొన్నాడు. రెండు జీబీ ర్యామ్, మూడు వందల ఇరవై జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 7. ఆ రోజుల్లో మా ఇళ్లల్లో అదే గొప్ప. పద్నాలుగేళ్ల తర్వాత దాని పరిస్థితి ఏమంటే, ఆన్ చేసి అత్త కాఫీ పెట్టి తెచ్చేలోపు తెర వస్తే ఆ రోజు అదృష్టం బాగున్నట్టు.

వేరే ఎవరిదైనా అయితే అయిదో సలహా విని ఊరుకునేవాళ్లమే. కానీ ఆ పెట్టెలో ఒక ఊరుంది.

మా అమ్మ పుట్టిల్లు తాళ్లప్రొద్దుటూరు. కొండాపురం మండలం. గండికోట జలాశయం పూర్తి సామర్థ్యం 26.85 టీఎంసీలు. అందులో నీళ్లు పెంచుతూ వచ్చిన క్రమంలో 2020లో ఆ ఊరు ఖాళీ అయింది. నీళ్లు పొలాలకు కావాల్సిందే, కాదనడానికి లేదు. పులివెందుల వైపు చీనీ తోటలకు, అరటి తోటలకు నీళ్లంటే ఏమిటో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అయినా పుట్టిన ఇంటి గడప నీళ్ల కిందికి పోయిన వాళ్లకు ఆ బాధ వేరే. అమ్మ ఇప్పటికీ గండికోట చూడ్డానికి వచ్చే చుట్టాలతో కోట దాకా వెళ్తుంది గానీ, నీళ్లున్న వైపు చూడదు.

మామ మాత్రం ఏడుస్తూ కూర్చోలేదు. ఊరు పోతుందని తెలిసినప్పటినుంచే కెమెరా పట్టుకుని వీధి వీధి తిరిగాడు. ఏ ఇంట్లో ఎవరుండేవాళ్లు, ఆ ఇంటికి ఏ పేరుండేది, ఎవరి బావిలో నీళ్లు తియ్యగా ఉండేవి, పీర్ల పండగకు గుండం ఎక్కడ తవ్వేవాళ్లు, ఏ అరుగు మీద కూర్చుంటే ఎవరు పలకరించేవాళ్లు అన్నీ రాసుకున్నాడు. ప్రొద్దుటూరులో ఒక డీటీపీ షాపుకు పోయి టైపింగ్ నేర్చుకుని, ఆ రాతంతా తానే లాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. ఫొటోలు వేలల్లో ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ ఉంది గానీ అది 2019 నాటిది. ఊరు ఖాళీ చేసిన ఏడాది ఫొటోలు, ఆ తర్వాత ఊరివాళ్లు ఎక్కడెక్కడికి పోయి స్థిరపడ్డారో వెతికి వెతికి రాసినదంతా ఆ ఒక్క పెట్టెలోనే.

అలాంటి పెట్టె రోజుకు నాలుగైదు సార్లు కొయ్యబారిపోతుంటే మామకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ‘అబ్బోడా, ఊరు ఒకసారి మునిగె. మళ్లా రెండోసారి మునిగేట్టుందిరా’ అని ఫోన్ చేశాడు.

రోగి చరిత్ర

జమ్మలమడుగులో క్యాంబెల్ ఆస్పత్రి సంగతి మా వైపు అందరికీ తెలుసు. మిషనరీల కాలం నాటిది. మా చిన్నప్పుడు చుట్టుపక్కల పల్లెలన్నిటికీ పెద్దాసుపత్రి అంటే అదే. అక్కడి పాత డాక్టర్ల గురించి మామ ఎప్పుడూ ఒక మాట చెబుతాడు. స్టెతస్కోపు పెట్టే ముందు సగం జబ్బు మాటల్లోనే పట్టేసేవాళ్లట. ఎప్పట్నుంచి, ఎప్పుడు ఎక్కువవుతుంది, ఏం తింటే వస్తుంది అని అడిగి అడిగి రాసుకునేవాళ్లట. అదే పద్ధతి మనమూ పెడదాం మామా అన్నాను. పంతులు కదా, ఆ మాట ఆయనకు నచ్చింది. ఒక రూళ్ల నోటుపుస్తకం తీసి గీతలు కొట్టాడు. తేదీ, సమయం, అప్పుడు ఏం తెరిచి ఉంది, మౌస్ బాణం కదులుతోందా, హార్డ్‌డిస్క్ లైటు వెలుగుతోందా, అడుగుభాగం కాలుతోందా, ఫ్యాన్ చప్పుడు ఎలా ఉంది. పది రోజులు ఓపిగ్గా నింపాడు.

ఇందులో ఒక చిన్న పరీక్ష అందరికీ పనికొస్తుంది. తెర కదలకుండా నిలిచిపోయినప్పుడు కీబోర్డు మీద క్యాప్స్‌లాక్ నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే కంప్యూటరు బతికే ఉంది, ఏదో పనిలో ఇరుక్కుపోయిందంతే. కాసేపు ఆగితే తేరుకోవచ్చు. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో ఏది మొరాయిస్తోందో చూడొచ్చు. ఆ లైటు కూడా పలక్కపోతే అసలు గుండెకాయే ఆగినట్టు. అప్పుడే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆర్పాలి. హ్యాంగైన ప్రతిసారీ ఆ బటన్ మీదికి చెయ్యి పోవడం మంచిది కాదు. డిస్క్ మీద సగం రాసిన రాత సగంలోనే ఆగిపోయి, ఉన్న ఫైళ్లు కూడా చెడతాయి.

పది రోజుల తర్వాత నోటుపుస్తకం చూస్తే, మేమంతా ఒకే జబ్బు అనుకున్నది మూడు జబ్బులని అర్థమైంది.

ఒకటి: మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య, ఆన్ చేసిన అరగంటకు. ఫ్యాన్ బుస్సుమంటుంది, అడుగు కాలుతుంది, కాసేపటికి క్యాప్స్‌లాక్ కూడా పలకదు. పొద్దున పూట ఈ రకం ఒక్కసారి కూడా లేదు.

రెండు: ఇంటర్నెట్‌లో నాలుగైదు పేజీలు తెరిచి, దాంతోపాటు పేజ్‌మేకర్ కూడా తెరిస్తే. బాణం కదులుతుంది గానీ ఏది నొక్కినా పలకదు. అయిదు నిమిషాలాగితే దానంతటదే తేరుకుంటుంది.

మూడు: ‘2020’ అనే ఫోల్డరు తెరిస్తే. పొద్దునైనా రాత్రయినా ఒకటే. హార్డ్‌డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతుంది, లోపల్నుంచి టిక్కు టిక్కుమని సన్నటి చప్పుడు.

మొదటి రెండూ చూసి నేను పెద్దగా భయపడలేదు. మూడోది చదివినప్పుడు మాత్రం గుండె జారింది.

గీటురాయి మీద

లాప్‌టాప్‌ను చేతిసంచీలో పెట్టుకుని ప్రొద్దుటూరు తెచ్చాను. మా ఊరు బంగారానికి, బట్టలకు పేరుపడింది. రెండో బొంబాయి అని కూడా అంటారు. ఇక్కడ ఒక నగ చేతికిస్తే ఏ ఆచారీ కంటితో చూసి ధర చెప్పడు. ముందు గీటురాయి మీద గీస్తాడు. రంగు చూసి కాదు, గీత చూసి మాట్లాడతాడు. కంప్యూటరు రిపేరులో మాత్రం గీటురాయి తియ్యకుండానే ధర చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. మొదట వెళ్లిన షాపులో కుర్రాడు మూత తెరిచి, తెర రావడానికి పట్టిన టైము చూసి, ‘ఫార్మాట్ కొడతా సార్, సాయంత్రం రాండి’ అన్నాడు. లోపల ఏముందని అడగలేదు. నేను పెట్టె తిరిగి సంచీలో పెట్టుకున్నాను.

రెండో షాపు ఒక సందులో, మెట్ల కింద. అక్కడున్నాయన రేడియోల కాలం నుంచి రిపేర్లు చేస్తున్న మనిషి. నేను మామ నోటుపుస్తకం కూడా చేతికిచ్చాను. కళ్లద్దాలు సవరించుకుని మొత్తం చదివాడు. ‘ఎవరు సామీ రాసింది? ఇట్లాంటి రోగులు పదిమందొస్తే మా పని సులువైపోతాది’ అని నవ్వాడు. తర్వాత ఒక చిన్న ప్రోగ్రాం నడిపి హార్డ్‌డిస్క్ ఆరోగ్య పట్టిక తీశాడు.

చాలామందికి తెలియని విషయమిది. హార్డ్‌డిస్క్ తన ఒంట్లో బాగోలేని సంగతి తానే రాసుకుంటూ పోతుంది. దాన్ని స్మార్ట్ అంటారు. డిస్క్ ఉపరితలం మీద కొన్ని చోట్లు పాడైతే, వాటి బదులు విడిగా దాచిపెట్టుకున్న మంచి చోట్లను వాడుకుని, ఎన్ని మార్చిందో లెక్క పెట్టుకుంటుంది. చదవడానికి కష్టమవుతున్న చోట్లను ‘పెండింగ్’ అని వేరే లెక్క రాస్తుంది. ఈ రెండు లెక్కలూ సున్నా దగ్గర ఉంటే నిశ్చింత. పెరుగుతూ పోతుంటే డిస్క్ రోజులు దగ్గరపడ్డాయని అర్థం. మామ డిస్క్‌లో రెండూ సున్నా దాటి చాలా దూరం పోయాయి.

ఒక్క చోటు పాడైతే మొత్తం కంప్యూటరు ఎందుకు కొయ్యబారాలి అని అడిగాను. ఆయన చెప్పిన ఉపమానం నాకు బాగా నచ్చింది. రేషన్ షాపు దగ్గర క్యూలో ముందున్న ముసలాయన కార్డు కోసం సంచీ అంతా వెతుక్కుంటున్నాడనుకోండి. ఆయన తప్పు లేదు, కార్డు దొరకడం లేదు. డీలరు ఆయన్ను దాటి ఇంకొకర్ని పిలవడు. వెనకున్న వాళ్లంతా నిలబడాల్సిందే. పాడైన చోటు దగ్గర డిస్క్ కూడా అంతే. చదివి చూస్తుంది, రాదు. మళ్లీ చదువుతుంది, మళ్లీ రాదు. అలా పదే పదే ప్రయత్నిస్తూ ఉండిపోతుంది. దానికోసం విండోస్ కాచుకుని కూర్చుంటుంది, విండోస్ కోసం మిగతా ప్రోగ్రాములన్నీ కాచుకుంటాయి. మనకు కనపడేది మాత్రం కదలని తెర.

‘ఇప్పుడు దీనికి వైద్యం చెయ్యగూడదు సామీ’ అన్నాడాయన. నేను తెల్లబోయాను. ‘ముందు లోపలిది బయటికి తియ్యాల. డిస్క్ బాగుచేసే ప్రోగ్రాములు కూడా ఇప్పుడు నడపగూడదు. అవి డిస్క్ మొత్తాన్ని మళ్లీ మళ్లీ చదివిస్తాయి, కొన్ని రాతలు మార్చేస్తాయి. ఒంట్లో ఓపిక లేని మనిషిని పరిగెత్తించినట్టయితాది. మీ ఇంట్లో లైనక్సు తెలిసిన పిల్లోళ్లు ఉన్నారా?’

ఉన్నారు. పులివెందులలో ఉంది మా మేనకోడలు.

ఒక రాత్రి, ఒక పగలు

పులివెందుల జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ 2006లో మొదలైంది. అంతకుముందు మా ఇళ్లల్లో ఇంజినీరింగ్ అంటే హైదరాబాదో, అనంతపురమో, తిరుపతో. ఆ తర్వాత 2008లో ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ వచ్చింది. పల్లెటూళ్ల పిల్లలు పదో తరగతి కాగానే అక్కడ చేరి, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని చదవడం మొదలుపెట్టారు. ఒకప్పుడు టీవీ చెడిపోతే కడప నుంచి మెకానిక్ రావాల్సిన ఊళ్లలో, ఇప్పుడు ప్రతి వీధిలో కంప్యూటరు విప్పి చూడగల పిల్ల ఒకతె ఉందంటే కారణం ఈ చదువులే. మా అక్క కూతురు పులివెందుల కాలేజీలో ఆఖరి ఏడాది.

ముద్దనూరు మీదుగా బస్సులో మామా నేనూ వెళ్లాం. పెట్టెను మామ ఒళ్లో నుంచి దించలేదు. కుదుపులకు డిస్క్ తిరగడం లేదు కదా, ఏమీ కాదని చెప్పినా వినలేదు. మా మేనకోడలు డిస్క్ విప్పి, స్నేహితురాలి డెస్క్‌టాప్‌కు తగిలించింది. విండోస్‌తో పని లేకుండా పెన్‌డ్రైవ్ నుంచి లైనక్స్ నడిపి, డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం మొదలుపెట్టింది.

ఆ ప్రోగ్రాం పనితీరు వింటుంటే మామకు ముచ్చటేసింది. మామూలుగా ఫైళ్లు కాపీ చేస్తే పాడైన చోటు తగలగానే అక్కడే తల బాదుకుంటుంది. ఇది అలా చెయ్యదు. ముందు సులువుగా వచ్చేవన్నీ తీసుకుంటుంది. కష్టమైన చోటు తగిలితే దాన్ని ఒక పట్టికలో గుర్తుపెట్టుకుని దాటిపోతుంది. మంచిదంతా బయటపడ్డాక, వెనక్కి వచ్చి ఆ కష్టమైన చోట్లను చిన్న చిన్న ముక్కలుగా ప్రయత్నిస్తుంది. మధ్యలో కరెంటు పోయినా, ఆ పట్టిక ఉంటుంది కాబట్టి ఆగిన చోటు నుంచే మళ్లీ మొదలవుతుంది. ‘పరీక్షలో నేను పిల్లోళ్లకు చెప్పేది ఇదే గదా! తెలిసినవి ముందు రాయండిరా, రానివాటికి చివర్లో రాండి అని’ అన్నాడు మామ.

‘అంతే తాతా. నీ దగ్గర చదువుకున్నోళ్లెవరో రాసింటారు దీన్ని’ అంది అది.

డిస్క్ వేడెక్కకుండా పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టారు. సాయంత్రానికి మొదటి విడత అయిపోయింది. ఎక్కువ భాగం వచ్చేసింది. మిగిలిన కొద్దిపాటి కోసం ఒక రాత్రి, మరుసటి పగలు పట్టింది. అక్క ఎంత చెప్పినా మామ సరిగ్గా అన్నం తినలేదు. తెర మీద ఇంకా రావాల్సింది ఎంతో చూపించే అంకె తగ్గినప్పుడల్లా నాకు చెప్పేవాడు. ఆస్పత్రిలో ఆపరేషను గది బయట బల్ల మీద కూర్చున్నట్టే ఉంది మా పరిస్థితి.

చివరికి రాతంతా వచ్చింది. ఫొటోల్లో పదకొండు రాలేదు. ఇంకో నాలుగు సగం సగం వచ్చాయి. ఫొటో ఫైలు మధ్యలో తెగిపోతే పైభాగం బాగానే కనపడుతుంది, కిందిభాగం బూడిదరంగు పలకలా ఉండిపోతుంది. ఆ నాలుగింట్లో ఒకటి రచ్చబండ దగ్గరి వేపచెట్టు. కొమ్మలు, ఆకులు, వెనక ఆకాశం ఉన్నాయి. మొదలు లేదు, అరుగు లేదు, దాని మీద కూర్చున్న మనుషులు లేరు. మామ చాలాసేపు చూశాడు. ‘ఆఖరి రోజుల్లో నీళ్లు ఇంతవరకే ఉన్నెప్పుడు ఇట్లనే కనపడింది’ అన్నాడు. మేమెవరం మాట్లాడలేదు. ఆ ఫొటోను తీసెయ్యమని మా మేనకోడలికి ఆయన చెప్పలేదు. అది ఇప్పటికీ ఆ ఫోల్డరులో ఉంది.

దుమ్ము, బొంత, నాపరాయి

ప్రాణం దక్కాక ఒళ్లు చూసుకోవడం తేలికే. డిస్క్ లేని పెట్టెను మళ్లీ ప్రొద్దుటూరు మెట్ల కింది షాపుకు తెచ్చాం.

వేడి సంగతి ముందు తేలింది. అడుగు పలక విప్పగానే, ఫ్యాన్‌కూ వేడిని బయటికి పంపే రాగి గొట్టం కొసనున్న సన్నటి రేకులకూ మధ్య దూదిపరుపులాంటి దుమ్ము బయటపడింది. మా వైపు గాలిలో దుమ్ముకు కొదవ లేదు. నాపరాళ్ల గనులు, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు, ఎండిన పెన్న ఇసుక. లాప్‌టాప్ ఫ్యాన్ రోజంతా అదే గాలి పీలుస్తుంది. దారి మూసుకుపోతే లోపలి ప్రాసెసరు వేడి బయటికి పోదు. వంద డిగ్రీల దరిదాపులకు వెళ్తుంటే అది తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అప్పుడే మనకు అన్నీ నత్తనడక నడుస్తున్నట్టు అనిపిస్తుంది. ఇంకా వేడెక్కితే ఆగిపోతుంది. మే నెలలో గది వేడే నలభై దాటే ఊళ్లలో దానికి ఊపిరాడే సందు ఎంతుంటుంది?

బ్రష్షుతో దుమ్ము తీశారు. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకున్నారు. వదిలేస్తే గాలి వేగానికి గిర్రున తిరిగి చెడిపోతుందట. ప్రాసెసరుకూ రాగి పలకకూ మధ్య పూసే థర్మల్ పేస్టు పద్నాలుగేళ్లలో ఎండి పెచ్చులు కట్టింది. దాన్ని తుడిచి, కొత్తది బియ్యపు గింజంత పెట్టారు. ‘ఇంట్లో దీన్ని యాడ పెట్టుకుంటారు?’ అని అడిగాడు షాపాయన. మంచం మీద బొంత వేసుకుని, దాని మీద అన్నాడు మామ. అడుగున ఉన్న గాలి సందులు బొంతలో కూరుకుపోతున్నాయన్నమాట. మామ ఇంట్లో నేలంతా నాపరాళ్లే. కడప బండ అని దేశమంతా కొనుక్కుపోయే రాయి మన కాళ్ల కిందే ఉంది, చల్లగా, సమంగా. ఇప్పుడు ఆ లాప్‌టాప్ ఒక పాత నాపరాయి ముక్క వేసిన బల్ల మీద ఉంటుంది. పైసా ఖర్చు లేని కూలింగ్ ప్యాడ్.

రెండో జబ్బు ర్యామ్‌ది. బట్టల షాపులో కౌంటరు చిన్నదైతే ఏమవుతుంది? నాలుగు చీరలు పరచగానే నిండిపోతుంది. అయిదోది చూపించాలంటే ఒకటి మడిచి గోడౌనులో పెట్టి రావాలి. మళ్లీ అది అడిగితే పరుగెత్తి తేవాలి. ర్యామ్ కౌంటరు, హార్డ్‌డిస్క్ గోడౌను. రెండు జీబీ కౌంటరు మీద ఇప్పటి వెబ్‌పేజీలు పరిస్తే ఈ మడవడం, తేవడంతోనే సరిపోతుంది. పైగా గోడౌనుకు దారి గుంతలు పడి ఉంటే చెప్పేదేముంది. పాత రకం ర్యామ్ ముక్కలు సెకండ్‌హ్యాండ్‌లో దొరికాయి. రెండింటినీ ఎనిమిది జీబీ చేశారు. పెట్టేముందు వాటిని కూడా గీటురాయి మీద గీశారు. ర్యామ్‌లో ప్రతి గదిలోనూ అంకెలు రాసి, తిరిగి చదివి చూసే పరీక్ష ఒకటుంది, ఒక రాత్రంతా నడిపారు. తప్పులు రాలేదు.

హార్డ్‌డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ వేశారు. తిరిగే పళ్లెం లేదు, కదిలే ముల్లు లేదు, కుదుపు భయం లేదు. పాత పెట్టెకు వయసు తగ్గించే మందు ఏదైనా ఉందంటే ఇదొక్కటే. మొత్తం ఖర్చు కొత్త లాప్‌టాప్ ధరలో పదో వంతు కూడా కాలేదు. బ్యాటరీ మాత్రం కొద్దిగా ఉబ్బి ఉందని తీసేశారు. ఈ మాట అందరూ గుర్తుపెట్టుకోవాలి. లాప్‌టాప్ టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు పలక ఉబ్బినా అది బ్యాటరీ పనే. నొక్కకూడదు, గుచ్చకూడదు, చెత్తకుప్పలో వెయ్యకూడదు. వెంటనే వాడటం ఆపి, విప్పడం తెలిసినవాళ్ల చేత తీయించి, ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇవ్వాలి.

అక్షరాలు తిరగబడ్డాయి

ఇంతటితో కథ కంచికి పోయిందనుకున్నాం. అసలు తిప్పలు అప్పుడు మొదలయ్యాయి.

విండోస్ 7కు 2020 జనవరి 14తోనే మద్దతు ముగిసింది. విండోస్ 10 వేద్దామంటే దానికి కూడా 2025 అక్టోబరు 14 గడువని అప్పటికే ప్రకటించి ఉన్నారు, అన్నట్టే ముగిసింది. విండోస్ 11 అడిగే భద్రతా చిప్పు, కొత్త తరం ప్రాసెసరు ఈ పాత పెట్టెలో లేవు. అందుకని మా మేనకోడలు తేలికపాటి లైనక్స్ వేసింది. తెర అరనిమిషంలో వచ్చింది. మామ సంబరంగా తన ఫైలు తెరిచాడు. తెర నిండా అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు!

రాత చెడిపోలేదు. విషయం ఏమంటే, డీటీపీ షాపుల్లో దశాబ్దాలుగా వాడిన అను లాంటి ఫాంట్లలో ‘క’ అని టైపు చేస్తే కంప్యూటరు లోపల ‘క’ అని ఉండదు. ఏదో ఒక ఇంగ్లిషు గుర్తుకు కేటాయించిన స్థానంలో ‘క’ బొమ్మ గీసి పెట్టారు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో తెలుగు కనపడుతుంది, లేనిచోట గజిబిజి కనపడుతుంది. యూనికోడ్‌లో అలా కాదు. అందులో ప్రతి తెలుగు అక్షరానికీ తనదైన సంఖ్య ఉంది. 1991లో వచ్చిన తొలి ప్రమాణంలోనే తెలుగుకు చోటు దక్కింది. ఫోను, కంప్యూటరు ఏదైనా ఇప్పుడు మనం చదివే తెలుగు అదే.

కాబట్టి డిస్క్ బతికినా, ఇంకో పదేళ్లకు ఆ ఫాంటు ఉన్న కంప్యూటరు దొరక్కపోతే మామ రాసిన ఊరు ఎవరికీ అర్థం కాని రాతగా మిగిలేది. మామకు టైపింగ్ నేర్పిన డీటీపీ షాపువాళ్లే ఆ ఫైళ్లను తెరిచి, రాతను బయటికి తీసి, యూనికోడ్‌లోకి మార్చి ఇచ్చారు. మార్పిడిలో కొన్ని ఒత్తులు, గుణింతాలు తారుమారయ్యాయి. రెండు నెలలు మామ ఎర్రసిరా కలం పట్టుకుని, పాత రోజుల్లో పరీక్ష పేపర్లు దిద్దినట్టు ప్రింటు కాగితాలు దిద్దాడు. కొత్త కీబోర్డు అలవాటు కోసం మా మేనకోడలు మీటల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించింది. డెబ్బై రెండేళ్ల వేళ్లు మళ్లీ ఓనమాలు దిద్దుకున్నాయి.

ఆ కాగితాలు దిద్దుతున్నప్పుడే మామ బ్రౌన్ దొర సంగతి ఎత్తాడు. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు వచ్చాడు. పురుగులు తినేస్తున్న తాళపత్రాలు సేకరించి, తన బంగళాలో పండితులను కూర్చోబెట్టి, జీతాలిచ్చి, పాఠాలు సరిచూయించి శుభ్రమైన ప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. కడపలో ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం, గ్రంథాలయం ఉన్నాయి. ‘ఆ దొర చేసిందల్లా ఏందిరా? ఒకటి ఉన్నదాన్ని నాలుగు చేసినాడు. పురుగు ఒకదాన్ని తింటే ఇంకోటుంటాది’ అన్నాడు మామ. బ్యాకప్ అనే మాటకు అంతకంటే మంచి అర్థం నాకు ఏ నిఘంటువులోనూ దొరకదు.

ఇప్పుడు ఆ ఊరు మూడు చోట్ల ఉంది. జమ్మలమడుగులో మామ లాప్‌టాప్‌లో, ప్రొద్దుటూరులో మా బీరువాలోని ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో, పులివెందులలో మా మేనకోడలి దగ్గర. ప్రతి నెలా మొదటి ఆదివారం మూడింటినీ సరిచూస్తాం. చదువుతున్న మీ ఇళ్లల్లోనూ ఏదో ఒక పాత పెట్టెలో తాత గొంతో, బిడ్డ తొలి అడుగుల వీడియోనో, అమ్మ చేతిరాతలో ఉన్న కూరల వంటకాల ఫొటోలో ఉండే ఉంటాయి. అది హ్యాంగయ్యేదాకా ఆగనక్కర్లేదు.

మామ మాత్రం డిస్కులను పూర్తిగా నమ్మడం మానేశాడు. దిద్దిన కాగితాలన్నీ బైండు చేయించి, రాని పదకొండు ఫొటోల చోట పదకొండు తెల్ల పేజీలు వదిలించాడు. ఊరివాళ్లు ఎవరింటికొచ్చినా ఆ పుస్తకం ముందు పెడతాడు. పోయిన వారం ఎర్రగుంట్ల నుంచి వచ్చిన ఒక పెద్దామె ఆ తెల్ల పేజీల్లో ఒకదాని మీద వేలు పెట్టి, ‘ఇక్కడ మా గాటిపాడు ఉన్నె కదప్పా, దాని పక్కన రోలు’ అంది. మామ పెన్సిల్ తీసి ఆమె చేతికిచ్చాడు.